రెండున్నర మూరల గుమ్మం

"గొడ్లపాకకైనా ఇంతకంటే ఎత్తు పెడతాం. ఎవడు కొలిచాడు దీన్ని? నువ్వా పెద్దయ్యా? ఫాదర్‌గారా? లేక ఊరంతా కలిసి కూర్చుని కొలిచారా?"

బెర్దో కప్పు దూలం మీద గొంతుక్కూర్చుని కిందికి అరిచాడు. కొత్త చర్చికి ఉత్తరపు గోడలో పెడుతున్న చిన్న గుమ్మం గురించి ఆ గొడవ. గుమ్మం నిలువు రెండున్నర మూరలు. పైరాయి పక్కనే పడి ఉంది. సున్నం కలిపారు. ఈ సాయంత్రం రాయి ఎక్కిస్తే ఇక వందేళ్ళకైనా కదలదు.

కింద చర్చి పెద్ద ఒదెత్ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నీ పని కప్పు. గోడల సంగతి నీకెందుకు?"

"దానికి తలుపు బిగించేది నేనే కదా."

"బిగించు. చిన్న తలుపు, తొందరగా అయిపోతుంది."

పిరనీస్ కొండల కింద ఈ లోయలో బెర్దో లాంటి వడ్రంగి లేడు. ఆ మాట ఒదెతే అంటాడు. పాత చర్చి కాలిపోయాక ఊరు కబురంపింది అతనికే. రెండేళ్ళుగా అతను పైనే ఉన్నాడు. ఒక్క ఇనుప మేకు లేకుండా, చెక్క సీలలతోనే, బోర్లించిన పడవలా కప్పు నిలబెట్టాడు. దూలాలు మోసుకుని వీధిలో వస్తుంటే తల్లులు పిల్లల్ని గోడవారకు లాక్కునేవారు. మధ్యాహ్నం ఒదెత్ భార్య రొట్టెను గడ కొనకు గుచ్చి పైకి అందించేది. నీళ్ళకు అతని సొరకాయ బుర్ర అతనికుంది. రంపపు పొట్టు దుమ్ములో, రొమ్ముమీద కుట్టి ఉన్న ఎర్రగుడ్డ ముక్కను బట్టి కిందివాళ్ళు అతన్ని పోల్చుకునేవారు.

తూలూజ్ నుంచి వచ్చిన తాపీమేస్త్రికి ఈ గొడవ అర్థం కాలేదు. "ఇంతకీ ఈ గుమ్మం ఎవరికండీ?" అని అడిగాడు.

"వాగవతలి వాళ్ళకి," అన్నాడు ఒదెత్. "వాళ్ళు వంగి రావాలి. అందుకే ఆ కొలత. తాతలనాటి ఆచారం. పాత చర్చిలోనూ అంతే."

వాగవతలి వాళ్ళతో ఊరికి పొత్తు లేదు. ఎందుకంటే, లేదు. వాళ్ళ ఊపిరి తగిలితే పాలు విరుగుతాయని ఒకరంటారు. వాళ్ళ పాదం పడితే గడ్డి మాడుతుందని ఇంకొకరు. చూసినవాడు ఒక్కడూ లేడు. నమ్మనివాడూ ఒక్కడూ లేడు.

"పాత చర్చి కాలిపోయింది కదా," అన్నాడు బెర్దో పైనుంచి. "దేవుడికి ఆ కొలత నచ్చలేదేమో."

తాపీవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. ఫాదర్ ఫోర్తానే అంగీ అంచు ఎత్తిపట్టుకుని, సున్నం తొక్కకుండా వచ్చాడు.

"ఫాదర్, మీరే చెప్పండి," అన్నాడు బెర్దో. "గోడమీద కడపటి తీర్పు బొమ్మ వేయించారు. పీటర్‌గారు తాళంచెవి పట్టుకుని స్వర్గం వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి పోయేవాళ్ళలో ఒక్కడి నడుమైనా వంగిందా?"

"ఆ బొమ్మలో వాళ్ళకి గుడ్డలు కూడా లేవు," అన్నాడు ఒదెత్. "మనమూ విప్పేసి వద్దామా?"

ఈసారి తాపీవాళ్ళు నవ్వేశారు. బెర్దో నవ్వలేదు.

"చూరు కింద చూడు పెద్దయ్యా. నాలుక చాపినవాణ్ణి రాతిలో చెక్కించారు. పీపా ఎత్తి తాగేవాణ్ణి చెక్కించారు. తోక కొరుక్కునే పందినీ చెక్కించారు. వాటికి చోటుంది. మనిషి లోపలికి రావడానికి వచ్చేసరికి చోటు కరువైందా?"

ఒదెత్ మొహం కందిపోయింది. "ఎల్లుండి ఆదివారం. బిషప్ దొర వస్తున్నారు. ఊతాలు లాగేసి దిగు."

"లాగను."

కప్పు బరువు ఇంకా తొమ్మిది ఊతకర్రల మీద ఉంది. ఏది ముందు లాగాలో, ఏది చివర లాగాలో బెర్దోకి ఒక్కడికే తెలుసు. వరుస తప్పితే రెండేళ్ళ పని నేలమీద ఉంటుంది. కింద బిషప్ ఉంటే ఆయనా అక్కడే ఉంటాడు.

"బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్నాను. రెండేళ్ళుగా మర్యాదగానే అడుగుతున్నాను."

"ఇంకో వడ్రంగిని పిలిపిస్తాం."

"పిలిపించు. ఈ లోయలో ఏ వడ్రంగి వచ్చినా ఇదే అడుగుతాడు."

ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "జానెడు పెంచుదాం," అన్నాడు, సంతలో బేరమాడినట్టు.

"జానెడు పెంచితే కుక్కకు సుఖం, ఫాదర్."

ఎండ వాలుతోంది. కలిపిన సున్నం గట్టిపడుతోంది. తాపీమేస్త్రి చేతిలో తాపీతో అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఎంత కావాలో చెప్పి తగలడు," అన్నాడు ఒదెత్.

బెర్దో లేచి దూలం మీద నిటారుగా నిలబడ్డాడు.

"ఒకటిన్నర మూర లేపండి, ఈ సాయంత్రమే లేపండి, సోమవారం మా గ్రసియాన పెళ్ళి, నెత్తిన పూలకిరీటంతో నా చెయ్యి పట్టుకుని వాగు దాటి వచ్చే నా కూతురికి మీరు ఉంచిన దారి ఆ గుమ్మమొక్కటే."