రే డాల్టన్ ఆడిన ఆటలు

"ఆ కుర్చీలో వద్దు. ఇటు కూర్చో," అన్నాడు పక్కింటి రే.

ఫుర్కాన్ పళ్లెం బల్ల మీద పెట్టి, ఆఫీసు లాప్‌టాప్ తెరిచాడు. రంజాన్ నెలలో పక్కింటికి ఇఫ్తార్ పళ్లెం పంపనిదే అతని భార్య జమీలా ముద్ద ముట్టదు. ఒంగోలు అలవాటు దేశం దాటి కెల్లీవిల్ వచ్చినా పోలేదు. అలా పళ్లెం మోసుకొచ్చిన పాపానికి ఫుర్కాన్ ఈ ఒంటరి ముసలాయనకు దొరికిపోయాడు.

రే డాల్టన్ వయసులో ఉండగా అమెరికాలో ఫుట్‌బాల్ ఆడాడట. కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెడుతుంటే, అవతలివాళ్లు మీదపడి కూల్చేసే ఆట. క్రికెట్ తప్ప ఎరగని ఫుర్కాన్‌కు అందులో సగం అర్థమయ్యేది కాదు. ముసలాయన కోరిక మాత్రం బాగా అర్థమైంది. రెండువేల సంవత్సరం రాకముందే ఆ ఆటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి. సున్నాలు పడగానే పాతవన్నీ చెరిగిపోతాయని ఎవరో ఆయన చెవిలో వేశారు.

"చెరిగిపోతే రే డాల్టన్ ఆడాడని ఇక ఎవరికీ తెలియదు," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడమే ఫుర్కాన్ ఉద్యోగం. అలా ఏదీ చెరగదని నచ్చజెప్పి చూశాడు. వినకపోయేసరికి జాలేసి టైపు చేయడం మొదలుపెట్టాడు.

పంతొమ్మిది వందల యాభై రెండు దాకా ఆడిన ఆటలు నాలుగు ముక్కల్లో తేలిపోయాయి. ఆ తర్వాతివి చెప్పేటప్పుడు మాత్రం ముసలాయనకు పూనకం వచ్చేది. అన్నీ గెలుపులే. ఒక్క దెబ్బ తగల్లేదు, ఒక్కసారీ పడిపోలేదు. మధ్యలో ఆగి ఆ ఖాళీ కుర్చీ వైపు చూసేవాడు. అటునుంచి ఎవరో సరేనన్నట్టు మళ్లీ అందుకునేవాడు.

"ఏమండీ, ఆ అంకుల్ ఒక్కరే కదా ఉండేది? మీరు వెళ్లకముందు కూడా మాటలు వినిపిస్తాయేంటి?" అని జమీలా ఒకసారి అడిగింది. లోన్లీ కదా, తనలో తనే మాట్లాడుకుంటాడులే అని కొట్టిపారేశాడు గానీ, ఫుర్కాన్‌కూ లోపల బెరుగ్గానే ఉంది.

సంవత్సరం చివరి వారంలో, ఆఫీసులో ఖాళీ దొరికి, ఇంటర్నెట్‌లో రే ఆడిన పాత జట్టు పేజీ వెతికి పట్టుకున్నాడు. రే డాల్టన్ పేరుంది. పక్కనే, మరణం: 52. ఫుర్కాన్‌కు నవ్వొచ్చింది. తేదీలు తప్పుపడి, నిక్షేపంలా ఉన్న ఖాతాదారులు చచ్చిపోయినట్టు కనబడటం అతనికి రోజూ మామూలే. పైగా యాభై ఎనిమిది దాకా ఆడిన ఆటలు తనే టైపు చేశాడాయె. ఉండబట్టలేక వెంటనే వాళ్లకు మెయిల్ కొట్టి, ఆ సాయంత్రం పళ్లెంతో పాటు శుభవార్త కూడా మోసుకెళ్లాడు.

"అంకుల్, వాళ్ల పేజీలో మిమ్మల్ని యాభై రెండులోనే చంపేశారు. డేట్ ఎర్రర్. మీరు బతికే ఉన్నారని రాసేశాను."

ఖర్జూరం అందుకోబోయిన ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

"ఎర్రర్ కాదు ఫుర్కాన్. ఆ రోజు మైదానంలో పడిన రే మళ్లీ లేవలేదు."

ఫుర్కాన్ తనకు తెలియకుండానే ఆయన పాదాల వైపు చూశాడు. అవి వెనక్కి తిరిగి లేవు. అయినా భయం తగ్గలేదు.

"మరి మీరెవరంకుల్?" అడిగాడు.

"అతని పేరు మోస్తున్నవాణ్ణి. అతణ్ణి ఢీకొట్టినవాణ్ణి."