పేరు కింద అడ్రసు

తలుపు చప్పుడుకి కుట్టు టీచరమ్మ ఉలిక్కిపడింది. అసలే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

ఐదు నిమిషాల క్రితమే కంప్యూటర్లో మెయిల్ వచ్చింది. ‘ఖాతా రక్షణ విభాగం’ నుంచి.

‘గంటలో మీ మెయిల్ ఖాతా మూతపడుతుంది. అందులో ఉన్నదంతా పోతుంది. ఇక్కడ నొక్కి, పాస్‌వర్డుతో నిర్ధారించండి.’

ఉన్నదంతా అంటే? పోయిన భర్త గొంతు. ఆస్పత్రి మంచం మీంచి ఆయన పంపిన పదకొండు రికార్డింగులు. వేరేచోట దాచుకుందాం, దాచుకుందాం అనుకుంటూనే మూడేళ్ళు గడిపేసింది మహాతల్లి.

గొలుసు తీయకుండా తలుపు ఓరగా తెరిచింది.

చెమటతో తడిసిన ముసలాయన. చంకలో అట్ట చిరిగిన పుస్తకం. ఎన్నడూ చూసిన మొహం కాదు.

“అమ్మా, ఖాతా నిర్ధారించమని మెయిల్ ఏమైనా వచ్చిందా?”

ఇప్పుడే వచ్చిన మెయిల్ సంగతి ఈయనకెలా తెలుసు?

“ఎ... ఎవరు మీరు?”

“నొక్కకండమ్మా! పైన పేరు కాదు, దాని కింద అడ్రసు చూడండి. నేను మీకు...”

దొంగే వచ్చి ‘దొంగలున్నారు జాగ్రత్త’ అన్నట్టుంది! ధడాలున తలుపు మూసేసింది.

“వెళ్తారా, అరిచి నలుగుర్నీ పిలవమంటారా?”

“పిలవండమ్మా, మంచిదే, వాళ్ళకీ చెప్తాను. మీరు మాత్రం నొక్కకండి!”

“వెళ్ళవయ్యా బాబూ!”

చెప్పుల చప్పుడు మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఇక ఆగలేకపోయింది. నొక్కింది. పాస్‌వర్డు కొట్టింది. ‘ధన్యవాదాలు’ అని వచ్చింది.

హమ్మయ్య!

ఆయన గొంతు ఒక్కసారి విందామని మళ్ళీ ఖాతా తెరవబోతే, పాస్‌వర్డు తప్పంది. ఇంకోసారి కొట్టింది. తప్పే.

అంతలో చెల్లెలి ఫోను.

“అక్కా, నా ఖాతా మూతపడుతుందని మెయిలొచ్చిందే. పైన రక్షణ విభాగం అనుంది, కింద చూస్తే నీ అడ్రసు! నువ్వు పంపావా?”

“నేనా? నేనేం పంపలేదు! నొక్కకే తల్లీ, నొక్కకు!”

అరుస్తూనే ఏడ్చేసింది. ముసలాయన అన్నదీ ఇదే మాట కదా!

కిటికీలోంచి చూస్తే, ఎదురు వరసలో ఇంకెవరి తలుపో తడుతున్నాడు. ఆ తలుపూ మొహం మీదే మూసుకుంది.

తనకొచ్చిన మెయిల్ ఇంకా తెర మీదే ఉంది. ఇప్పుడు చూసింది, పేరు కింద.

అది దారాల కొట్టు అడ్రసు. పదేళ్ళుగా మొహం చూడకుండానే తనకి దారం పంపుతున్న కొట్టాయన, పొద్దున్నే తన ఖాతా పోగొట్టుకుని, ఇంటి నంబర్లు రాసుకున్న పుస్తకం పట్టుకుని, కొట్టు ఖాతాదారులందరి గడపలూ తొక్కుతున్నాడు.