మనుషుల్లేని నగరం

"కట్," అన్నాడు గిరీష్ విసుగ్గా.

యంత్రాలు మనుషులందరినీ చంపేశాక మిగిలిన నగరం, అదీ అతని షార్ట్ ఫిల్మ్. తెలంగాణ బంద్‌కి హైటెక్ సిటీ రోడ్డు ఖాళీ అయిందని సంబరంగా కెమెరా పెట్టాడు. ఇంతలో ఉద్యమం వాళ్లొచ్చి, వంటావార్పు అంటూ నడిరోడ్డు మీదే పొయ్యి వెలిగించి వంట చేశారు.

"అమ్మా, కాస్త పక్కకి జరగండి. నా కథలో మనుషులుండరు."

"జర ఆగు బిడ్డా, తిని పోతం," అంది వడ్డిస్తున్న యాదమ్మ. "మీదే ఊరు?"

గిరీష్ గొంతు తగ్గించాడు. "అనంతపురం."

ఆమె గంటె ఒక్క క్షణం ఆగింది.

"గట్లనా. అయితే కారం గట్టిగనే తింటవు. కూసో." విస్తరిలో ఇంత తొక్కు వేసింది.

రోబో వేషంలో ఉన్న సురేష్ అప్పటికే అట్టతల పక్కన పెట్టి పప్పన్నం కలుపుతున్నాడు. "అన్నా, కథల నేను వీళ్లందర్ని చంపాలె గద?"

గిరీష్ ముద్ద మింగాడు.

"ఈపొద్దు బంద్ కదప్పా. యంత్రాలు గూడా పని చెయ్యగూడదు."