వంతెన మీద కుర్చీ

"అమ్మా, మీరు లేస్తే గానీ మా పని మొదలవదు."

"తెలుసు నాయనా. అందుకే కూర్చున్నాను," అంది లవోనియా పెట్వే.

అమెరికాలోని రోచెస్టర్ నగరం నడిబొడ్డు చుట్టూ గొయ్యిలా తవ్వి వేసిన పెద్ద రోడ్డు మీది కాలినడక వంతెన అది. సరిగ్గా దాని మధ్యలో మడత కుర్చీ వేసుకుని కూర్చుందావిడ. ఎనభై దాటిన మనిషి. ఈస్టర్ నాడు చర్చికి వేసుకునే ఊదారంగు గౌను, ఈకల టోపీ, తెల్ల చేతితొడుగులు.

కింద రోడ్డు మూసేసి చాలా నెలలైంది. అటు నుంచీ ఇటు నుంచీ మట్టి పోసుకుంటూ వచ్చి వంతెన దగ్గర ఆగారు. దీన్ని కూల్చేస్తే మిగిలిన గొయ్యి కూడా పూడ్చేసి, పైన మామూలు వీధి వేస్తారు. కూల్చే యంత్రం మెడ ఎత్తి నిలబడి ఉంది. దాని వెనక మట్టి లారీలు బారులు తీరి ఉన్నాయి.

మేస్త్రీ కార్మైన్ లొటెంపియో నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మీ బాధ నాకర్థమైందమ్మా. మా నాన్న పాత కారుని తుక్కుకి వేస్తుంటే నేనూ ఏడ్చాను."

"నేనేడుస్తున్నానా?"

"లేదు."

"మరి?"

కార్మైన్ జేబులోంచి సెల్ తీశాడు. సిటీ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

కాసేపటికి అక్కణ్ణుంచి మెగన్ అనే అమ్మాయి రెండు కాఫీలతో వచ్చింది. ఒకటి పెద్దావిడ చేతికిచ్చి, కుర్చీ పక్కనే గొంతుక్కూర్చుంది.

"పెట్వే గారూ, మీకు ఈ వంతెనతో చాలా అనుబంధం ఉన్నట్టుందే."

"ఇది కట్టిన రోజు నుంచీ. మా చెల్లెలు రూబీ ఇల్లు అటు, నాది ఇటు. పిల్లల్ని చంకనేసుకుని దీని మీదే తిరిగాను. మంచు పడితే పార పట్టుకొచ్చి తోసుకున్నదాన్ని నేనే, మీ వాళ్ళు ఏనాడూ రాలేదు. దీని ఒక్కో మెట్టూ నా మోకాళ్ళకి తెలుసు."

మెగన్ కళ్ళు చెమర్చాయి. "ఎంత బాగా చెప్పారండీ! రెయిలింగ్ లో ఓ ముక్క కోయించి మీ ఇంటికి పంపిస్తాం."

"మా ఇంట్లో చోటు లేదు."

"పోనీ, ఇక్కడే మీ పేరుతో ఓ రాతి పలక పెట్టిస్తాం."

"నా పేరు నాకు తెలుసు. పలకెందుకు?"

"మరి... అంతా నిర్ణయమైపోయింది కదండీ. మీటింగులు కూడా పెట్టాం."

"ఈ రోడ్డు తవ్వినప్పుడూ మీటింగులు పెట్టారమ్మాయ్. అప్పుడు నాకు కొత్తగా పెళ్ళైంది. మా వీధికి వీధే ఎత్తేశారు. మా అత్తగారి బట్టల కొట్టు, మూల మీది మంగలి షాపు, అన్నీ పోయాయి. నువ్వేమంటావని నన్ను ఒక్కడూ అడగలేదు. ఇప్పుడూ అంతే. నేను లేకుండా దీని మీద చెయ్యి వేద్దామనుకున్నారా?"

మెగన్ తన కాఫీ కూడా తాగకుండా లేచింది.

ఈలోగా జనం పోగయ్యారు. ఎవరో ఇద్దరు కాలేజీ పిల్లలు 'మన వంతెన మనకే' అని రాసిన అట్టముక్క ఎత్తి పట్టుకున్నారు. "కదలొద్దు పెద్దమ్మా! మేమున్నాం!" అని అరిచారు.

లవోనియా కళ్ళజోడు సవరించుకుని అట్టముక్క చదివింది. "వీళ్ళెవరు?" అంది.

చివరికి ఆవిడ వెళ్ళే చర్చి పాస్టర్ సిమ్స్ ని తీసుకొచ్చారు. ఆయన మెట్లెక్కి రావడానికి రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. కాస్త ఊపిరి తీసుకుని, మెల్లగా అడిగాడు.

"సిస్టర్ పెట్వే, ఇదంతా మీవారు వెండెల్ గురించేనా?"

పొద్దుట్నుంచీ ఎవరికీ మాట బాకీ పడని మనిషి మెట్ల వైపు తిరిగి చూసింది.

"రూబీ ఇంట్లో భోంచేసి వస్తున్నాం," అంది. "ఆ మలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు పాస్టర్ గారూ. ఒక్క నిమిషం ఆగి లేస్తానన్నాడు. నా భుజం మీద తల ఆనించాడు. ఇక లేవలేదు."

కార్మైన్ హెల్మెట్ తీశాడు. అతన్ని చూసి మిగతా పనివాళ్ళూ తీశారు. యంత్రం నడిపేవాడు ఇంజను ఆపేశాడు.

"ఆయన్ని వదిలి రాలేకపోతున్నారు మీరు," అన్నాడు పాస్టర్.

"ఆయన శ్మశానంలో ఉన్నాడండీ. ఆదివారం ఆదివారం వెళ్ళి పూలు పెట్టి వస్తూనే ఉన్నా."

పాస్టర్ ప్రార్థన చేశాడు. 'ఆమెన్' అందరికంటే గట్టిగా లవోనియాయే అంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"పోలీసుల్ని పిలవాలేమో," అని గొణిగింది మెగన్.

"చర్చి టోపీ పెట్టుకున్న ముసలావిడని పోలీసులు ఎత్తుకుపోతుంటే రేపు పేపర్లో నా మొహం వస్తుంది. మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు," అన్నాడు కార్మైన్.

అతను కుర్చీ ఎదురుగా వచ్చి, కాంక్రీటు మీదే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడతను తల పైకెత్తితే గానీ ఆవిడ మొహం కనిపించడం లేదు.

"అమ్మా, పొద్దుట్నుంచీ ఈ అమ్మాయి ముక్కిస్తానంటుంది, పలకిస్తానంటుంది, ఒకాయన ప్రార్థన చేస్తాడు. నేనైతే మా నాన్న కారు గురించి చెప్పాను. మిమ్మల్ని మాత్రం ఎవరం అడగలేదు. మీకేం కావాలమ్మా?"

లవోనియా మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"హమ్మయ్య, ఈ ఊళ్ళో ఒక్కడికైనా అడగడం వచ్చు!"

కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా లేచింది. ఈకల టోపీ తీసి పాస్టర్ చేతికిచ్చింది. తెల్ల తొడుగులు ఒక్కొక్కటే విప్పి టోపీలో పెట్టింది. గౌను చేతులు మోచేతుల పైదాకా మడుచుకుంది.

"ఓ సమ్మెట ఇప్పించు నాయనా, మొదటి దెబ్బ నాది."