ఎరువిచ్చిన వాటా

ప్రార్థన ముగిసింది. చర్చి వెనక గదిలో కాఫీ పోస్తున్నారు. గుడ్రున్ బల్ల దగ్గరికి రాగానే మాటలు ఆగిపోయాయి.

ఆమె మరిది ఈవార్ మాత్రం ఆగలేదు. ఆ ఊరి చేపల ఫ్యాక్టరీలోనే అతని ఉద్యోగం.

"రా వదినా! వాఫిల్ పెట్టమంటావా? పెడితే అదీ అమ్మేస్తావేమో!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ ఫ్యాక్టరీని నడిపే కంపెనీని ఓ పెద్ద కంపెనీలో కలిపేద్దామని ప్రతిపాదన వచ్చింది. కలిస్తే ఈ ఊరి ఫ్యాక్టరీకి తాళమే. వాటాదారుల ఓట్లలో మూడింట రెండు వంతులు అనుకూలంగా పడితే అది నెగ్గేది. గుడ్రున్ ఓస్లోలో ఓ పింఛను నిధికి షేర్లు, వాటి ఓట్లు చూసే అధికారి. ఆ నిధికి ఈ కంపెనీలో పెద్ద వాటా ఉంది. మనింటి కోడలు మనల్ని ముంచుతుందా అని ఊరంతా ధీమాగా ఉంది. తీరా సమావేశం ముందు స్టాక్ ఎక్స్ఛేంజి ప్రకటన వచ్చింది. నిధి వాటా ఐదు శాతం కంటే కిందికి దిగిపోయిందట.

"అమ్మలేదు ఈవార్. ఓ బ్యాంకుకి ఎరువిచ్చాం, అంతే. అద్దె వస్తుంది. షేర్లు మళ్ళీ మాకే వస్తాయి."

"మరి అమ్మినట్టు ప్రకటన ఎందుకేశారు?"

"షేరుతోపాటు ఓటూ పోతుంది. అందుకే చెప్పి తీరాలి."

"ఓటింగు లోపు వెనక్కి తెప్పించుకోవాల్సింది కదా?"

"తెప్పించుకోవాల్సిందే. అందరూ అదే చేస్తారు." ఆమె కప్పులోకి చూస్తూ అంది. "గడువు దాటిపోయింది."

"విన్నారా! పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం. గడువు దాటిపోయిందట!" ఈవార్ అందరి వైపూ తిరిగాడు. "ఎరువు తీసుకున్న బ్యాంకు ఓటే వెయ్యలేదు కాబట్టి సరిపోయింది. వెంట్రుకవాసిలో గట్టెక్కాం వదినా. నీ సాయం లేకుండానే!"

ముసలి పాస్టరు ఆమె పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "మరిచిపోయావా అమ్మా?"

గుడ్రున్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆఫీసులో అలాగే చెప్పాను."

కప్పు అక్కడే పెట్టి, ఖాళీ అయిన చర్చిలోకి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. నమ్మి అప్పగించిన పని చెయ్యనందుకు మన్నించమని దేవుణ్ణి వేడుకుంది. తల పైకెత్తి శిలువ వంక చూడలేకపోయింది. ఇలాంటి తప్పుకు ఏ ప్రార్థన చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. గోడ అవతల ఈవార్, అతని తోటివాళ్ళు సోమవారం ఫ్యాక్టరీ పాళీల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

షేర్లను గడువులోపు తెప్పించి, విలీనానికి అనుకూలంగా ఓటు వెయ్యమని నిధి బోర్డు ఆమెకు ముందే ఆదేశమిచ్చింది.