జీపు మెట్టు

“గుట్టలెక్కితే ఈ మెట్టు రాళ్లకు తగులుతది, అన్నా,” అన్నాడు నారాయణగూడ మెకానిక్, జీపుకు పెద్ద టైర్లు బిగిస్తూ.

“కోసెయ్. ఆ ఇనుమే బంపర్‌కు వెల్డింగ్ చెయ్, ఖర్చు తగ్గుతది,” అన్నాడు బాలకిషన్.

ఆ టైర్లతో పాత జీపు ఎత్తు పెరిగింది. చిక్కడపల్లిలో ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. భార్య సులోచన బజారు సంచితో వచ్చి, జీపు చుట్టూ తిరిగి చూసింది.

“మంచిగున్నది.”

“ఎక్కు, సుల్తాన్ బజార్ పోదాం.”

“మీరు పోయి రాండి. నాకు జర పనున్నది.”

కాసేపటికి ఆమె సందు చివర మోకాలు పట్టుకుని ఆటో ఎక్కడం అద్దంలో కనిపించింది.

బాలకిషన్ దిగి బంపర్ తడిమాడు. కొత్త రంగు కింద, ఆమె చెప్పులకు అరిగిన నునుపు ఇంకా తెలుస్తోంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఆమె అడగకుండానే తను పెట్టించిన మెట్టు అది.

ఈసారీ ఆమె ఏమీ అడగలేదు.