పెట్టకు కట్టు

“మీ కుక్క చేసిన పని సూడు సోమక్కా,” అంటూ దౌలత్ బీ గంప ఎత్తింది.

గంప కింద నల్లపెట్ట ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. వీపు మీద తోలు ఊడి ఎర్రటి కండ బయటపడింది. ఈకలు నెత్తురుకు అట్టకట్టాయి. పత్తికొండ టమోటా మండీలో పొద్దంతా కాయలు ఏరి వచ్చిన సోమక్క గడప దగ్గరే నిలబడిపోయింది.

“మా కుక్కా?” అని ఏదో అనబోయి, ఇల్లంతా ఒకసారి కలయజూసింది. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. చాప పరిచినది పరిచినట్టే ఉంది.

“నా కండ్లతో సూస్తి. ఎర్రకుక్క గోడ దూకి పాయ. ఈ చుట్టుపక్కల ఎర్రకుక్క ఇంకెవరికుండాది? కట్టేసి పెట్టుకోవల్ల.”

సోమక్క తల వంచుకుంది. “నిజమే అక్కా. తప్పు నాదే. మానేదాకా నేనే వచ్చి సూసుకుంటా.”

దౌలత్ బీ కాదనలేకపోయింది. తప్పు చేసినవాళ్లు దిద్దుకుంటామంటే ఏమని తరుముతుంది?

అప్పటిదాకా ఆమె ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. పరుపులు కుట్టే ఆమె మొగుడు ఖాసిం వలి కర్నూలు ఆసుపత్రిలో చాలా కాలం బాధపడి పోయాడు. ఆయన మంచం పక్కనే ఉండిపోయిన దౌలత్ బీ, శవంతోనే ఊరికి తిరిగొచ్చింది. మొగుడు పోయినామె పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా ఇల్లు కదలకూడదు. కదలాలని ఆమెకూ లేదు. పక్కింటి కౌసర్ సరుకులు గుమ్మంలో పెట్టిపోయేది. వేంపల్లె నుంచి కూతురు గౌసియా ఫోను చేస్తే ‘ఊ’ అని పెట్టేసేది. పలకరించడానికి వచ్చినవాళ్లను తలుపు వెనక నుంచే పంపేసింది. వాళ్లలో సోమక్క కూడా ఉంది. “మాట్లాడే ఓపిక లేదు, పోమ్మా,” అని ఆమెనూ పంపేసింది. చివరికి పెట్ట అరుపు విని చాప మీంచి లేచింది. కోపం పట్టలేక సోమక్కను పిలుచుకు రమ్మని కౌసర్‌కు చెప్పింది.

“టవలు కప్పి పట్టుకో అక్కా. చీకటయితే కోడి నిదానిస్తాది.”

దౌలత్ బీ పట్టుకుంది. సోమక్క పుండు చుట్టూ ఈకలు కత్తిరించి, ఉప్పు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, పసుపు అద్దింది. మెత్తని పాతగుడ్డ పరిచి, “దూది ఉండాదా?” అని అడిగింది.

మూలన ఖాసిం వలి ఏకిన దూది మూట ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తాకలేదు. దౌలత్ బీ ముడి విప్పి చారెడు తీసిచ్చింది.

“బిర్రుగా కట్టొద్దు. ఊపిరాడదు,” అంది తనే.

మరునాడు పెట్ట గింజ ముట్టలేదు.

“ఇంత సంగటి కెలుకు అక్కా. నీళ్లలో పిసికి పెడదాం.”

“కోడి కోసం పొయ్యి అంటించల్లనా?”

“కరిచింది నా కుక్క గదా. జరుగు, నేనే కెలుకుతా.”

“మండీలో సచ్చి వచ్చినావు, కూసో,” అని దౌలత్ బీయే పొయ్యి అంటించింది. పెట్ట రెండుసార్లు పొడిచి తిన్నది. మిగిలిన సంగటి ఇద్దరూ తిన్నారు.

“కరిచేది కుక్క, తినేది నువ్వు,” అని సణిగింది దౌలత్ బీ.

“ఇంటికి పోయి వండుకునే ఓపిక లేదక్కా,” అంది సోమక్క.

ఆ మాట అబద్ధం కాదు. కొన్ని సాయంత్రాలు కోడిని ఒళ్లో పెట్టుకునే గోడకు ఆనుకుని కునికేది. దౌలత్ బీ తిట్టుకుంటూ కట్టు తనే మార్చేది.

ఒకరోజు కట్టు విప్పితే పుండులో పురుగులు కదిలాయి. దౌలత్ బీ చేతులు వెనక్కి తీసుకుంది.

“కోసేద్దాం సోమక్కా. నాకు సాతగాదు. నా సేతుల్లో ఎవరూ బతకరు.”

సోమక్క పుండు మీదికి వంగింది. వేపనూనె చుక్కలు వేసి, పుల్లతో ఒక్కో పురుగూ తీస్తూ, “గట్టిగా పట్టుకో అక్కా,” అంది. దౌలత్ బీ పట్టుకుంది. పట్టుకునే, ఆసుపత్రిలో ఆయన చివరికి నీళ్లు కూడా మింగలేకపోయిన సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనిది. కండ్ల నీళ్లు టవలు మీద పడ్డాయి. సోమక్క చేతిపని ఆపకుండా అంతా విన్నది.

పుండు మెల్లగా ఎండింది. కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. ఇద్దత్ గడువు తీరేసరికి పెట్ట మళ్లీ గుడ్లు పెడుతోంది.

గడప దాటిన దౌలత్ బీ మొదట వెనక సందులోని సోమక్క ఇంటికే బయలుదేరింది. కొంగులో గుడ్లు, చేతిలో ఒక సంగటి ముద్ద. మూగజీవం మీద ఇంకెంత కాలం కోపం పెట్టుకుంటుంది?

సోమక్క మండీ నుంచి ఇంకా రాలేదు. అరుగు మీద ఆమె అత్త ఒక్కతే కూర్చుని ఉంది. దౌలత్ బీ గుడ్లు ఆమె ఒళ్లో పెట్టి చుట్టూ చూసింది.

“మీ ఎర్రకుక్క యాడమ్మా? దానిక్కూడా ఇంత సంగటి తెచ్చినా.”

ముసలామె వింతగా చూసింది.

“మీరు కర్నూల్లో ఉన్నప్పుడే సచ్చిపాయ గదమ్మా అది.”